స్లాబు కింద వేసవి రాత్రి: విజయవాడ, గుంటూరుల్లో లెక్కకు రాని వేడి

వేసవి మొదలైతే విజయవాడ, గుంటూరుల్లో పొద్దున్నే అందరి నోటా వినిపించేది నిన్నటి గరిష్ఠ ఉష్ణోగ్రతే. గన్నవరంలో ఎంత, నందిగామలో ఎంత, రెంటచింతలలో ఎంత అని పత్రికలు పట్టికలు వేస్తాయి. ఏయే మండలాల్లో వడగాలులు వీస్తాయో, ఎక్కడ తీవ్ర వడగాలులు వీస్తాయో రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ముందురోజే జాబితా విడుదల చేస్తుంది. దీనివల్ల మేలు జరిగిందనడంలో సందేహం లేదు. 2015 మే నెల వడగాలులకు ఆంధ్రప్రదేశ్‌లో అధికారిక లెక్కల ప్రకారమే 1,300 మందికి పైగా చనిపోయారు. ఆ విషాదం తరువాతే హెచ్చరికలు, చలివేంద్రాలు, ఓఆర్‌ఎస్ పొట్లాల పంపిణీ ఒక క్రమపద్ధతికి వచ్చాయి. అయితే ఈ ఏర్పాటంతా మధ్యాహ్నం ఎండ చుట్టూనే అల్లుకుని ఉంది. పొద్దుగూకిన తరువాత నాలుగు గోడల మధ్య ఎంత వేడి నిలిచి ఉందో, తెల్లవారేదాకా మనిషి ఒంటికి ఎంత ఊరట దొరికిందో ఏ ప్రకటనలోనూ కనిపించదు. ఈ రెండు నగరాల్లో వేడికి సంబంధించిన ఆరోగ్య సమస్య, కరెంటు సమస్య, పర్యావరణ సమస్య మూడూ ఒకచోట ముడిపడేది ఆ రాత్రి వేళ, కాంక్రీటు స్లాబు కిందనే.

భారత వాతావరణ శాఖ వడగాలిని నిర్ధారించే పద్ధతి చూస్తే ఈ లోపం ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరి, సాధారణం కంటే 4.5 డిగ్రీలు ఎక్కువగా ఉంటే అది వడగాలి, 6.4 డిగ్రీలకు మించి ఎక్కువగా ఉంటే తీవ్ర వడగాలి. సాధారణంతో పనిలేకుండా 45 డిగ్రీలు దాటితే వడగాలిగా, 47 దాటితే తీవ్ర వడగాలిగా ప్రకటిస్తారు. తీర ప్రాంతాలకు ఈ మొదటి హద్దు 37 డిగ్రీలు. రాత్రి వేడికి కూడా ఒక నిర్వచనం ఉంది గానీ, దాన్ని పరిశీలించాలంటే ముందు ఆ రోజు గరిష్ఠం 40 డిగ్రీలు దాటి ఉండాలి. అంటే పగలు 38 డిగ్రీలు నమోదై, రాత్రంతా తేమతో ఊపిరాడని ఉక్కపోత ఉన్నా అది వేడి రాత్రుల లెక్కలోకి రాదు. తేమనూ కలిపి చూసే ఉష్ణ సూచికను వాతావరణ శాఖ 2023లో ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. అది మంచి అడుగే అయినా, మండలాల జాబితాల్లోనూ జనం మాటల్లోనూ ఇప్పటికీ రాజ్యమేలుతున్నది గరిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కటే.

తేమకు ఇంత ప్రాధాన్యం ఎందుకో అర్థం కావాలంటే ఒంట్లో జరిగేది తెలియాలి. ఏ పనీ చేయకుండా కూర్చున్న మనిషి శరీరం కూడా సుమారు 100 వాట్ల వేడిని పుట్టిస్తూనే ఉంటుంది. చర్మం ఉష్ణోగ్రత దాదాపు 35 డిగ్రీలు. చుట్టూ ఉన్న గాలి అంతకంటే చల్లగా ఉన్నంతసేపు ఈ వేడి తనంతట తానే బయటికి పోతుంది. గాలి అంతకంటే వేడెక్కితే మిగిలే దారి చెమట ఒక్కటే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడి ఒంటిని వదిలి వెళ్తుంది. ఇక్కడ చల్లబరిచేది చెమట పట్టడం కాదు, అది ఆరిపోవడం. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట కారి నేలపాలవుతుందే తప్ప ఒంటికి చలువ ఇవ్వదు. ఒంట్లోని నీరు, ఉప్పు మాత్రం దండగవుతాయి.

తడి గుడ్డ చుట్టిన ఉష్ణమాపకం చూపే ఉష్ణోగ్రతతో ఈ తేడాను కొలుస్తారు. 44 డిగ్రీల ఎండలో తేమ 25 శాతం ఉంటే తడి ఉష్ణమాపకం సుమారు 27 డిగ్రీలు చూపుతుంది. 36 డిగ్రీలే ఉండి తేమ 60 శాతం ఉంటే అది 29 దాటుతుంది. పత్రికలో మొదటి రోజు పతాక శీర్షిక అవుతుంది, రెండో రోజుకు అసలు వార్తే ఉండదు. శరీరానికి మాత్రం రెండో రోజే కష్టం. తడి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు చేరితే ఎంత ఆరోగ్యవంతుడైనా నీడలో కూర్చుని కూడా ఎక్కువసేపు తట్టుకోలేడని 2010లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఆ తరువాత 2022లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు యువకులపై ప్రయోగాలు చేసి, తేమ ఎక్కువగా ఉన్నప్పుడు ఆ హద్దు 31 డిగ్రీల దగ్గరే వచ్చేస్తోందని గుర్తించారు. వృద్ధులకు, గుండె జబ్బు ఉన్నవారికి అది ఇంకా తక్కువే.

విజయవాడ, గుంటూరులు రెండు రకాల వేడికీ నడుమ ఉన్న ఊళ్ళు. తెలంగాణ, రాయలసీమల మీదుగా వచ్చే పడమటి గాలి బలంగా ఉన్న రోజున పొడి ఎండ మాడ్చేస్తుంది; సముద్రం 70 కిలోమీటర్ల లోపే ఉంది కాబట్టి గాలి తూర్పుకు తిరిగిన వెంటనే డిగ్రీలు తగ్గి ఉక్కపోత మొదలవుతుంది. సాయంత్రం సముద్రపు గాలి వచ్చిందని జనం ఊపిరి పీల్చుకునే సమయంలోనే తేమ పెరుగుతుంది. ఆ తేమ ఇంకో అపకారం కూడా చేస్తుంది. రాత్రిపూట నేల, కప్పులు, గోడలు తమ వేడిని ఆకాశంలోకి వదిలి చల్లబడాలి. గాలిలో నీటి ఆవిరి ఎక్కువగా ఉంటే ఆ వేడిలో కొంత తిరిగి కిందికే వస్తుంది. అనంతపురంలో తెల్లవారుజామున కాస్త చలువ తగులుతుంది గానీ బెజవాడలో ఆ భాగ్యం అరుదు.

ఇక స్లాబు సంగతి. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న ఒక మామూలు పడకగది తీసుకుందాం. దాని మీద అయిదు అంగుళాల మందాన కాంక్రీటు కప్పు ఉంటే దాని బరువు మూడు టన్నులకు పైమాటే. నడినెత్తి ఎండలో చదరపు మీటరుకు దాదాపు 1,000 వాట్ల సౌరశక్తి పడుతుంది. నాచు పట్టి నల్లబడిన పాత స్లాబు అందులో పావు వంతును మాత్రమే తిప్పికొట్టి మిగిలిన ముప్పావు వంతును తాగేస్తుంది. మే నెలలో అలాంటి కప్పు పైభాగం 60 డిగ్రీలు దాటడం మామూలే. పైన పడిన వేడి మందమంతా దాటి కింది భాగానికి చేరడానికి మూడు, నాలుగు గంటలు పడుతుంది. అందుకే బయట ఎండ తగ్గే సాయంత్రం అయిదారు గంటలకు లోపలి కప్పు అసలైన వేడికి చేరుతుంది. ఆ సమయానికి స్లాబు సగటున 48 డిగ్రీల వద్ద ఉండి, తెల్లవారేసరికి 34కు దిగిందనుకుంటే, ఆ 14 డిగ్రీల తేడాలో అది వదిలిన వేడి దాదాపు 11 యూనిట్ల విద్యుత్తుకు సమానం. అందులో సగమే కిందికి దిగిందనుకున్నా, పది గంటలపాటు గదిలో అరకిలోవాటు హీటరు ఆపకుండా వెలుగుతున్నట్టే. మే నెలలో గదిలో హీటరు పెట్టుకుని పడుకోమంటే ఎవరూ ఒప్పుకోరు. ఆ పనే ప్రతి రాత్రీ లక్షల ఇళ్ళలో జరిగిపోతోంది.

ఈ వేడి గాలి ద్వారానే కాదు, కిరణాల రూపంలోనూ ఒంటికి తగులుతుంది. మంచం మీద వెల్లకిలా పడుకుంటే ముఖానికి సెగ కొడుతున్నట్టు అనిపించేది అందుకే. పంకా వేస్తే కప్పును అంటుకుని ఉన్న వేడి గాలి పొర కిందికి దిగుతుంది. ఆ గాలి చెమటను ఆరబెడుతుంది కాబట్టి కొంత మేలే, అయితే కప్పు నుంచి వచ్చే సెగను పంకా ఆపలేదు. గాలి 40 డిగ్రీలు దాటితే పంకా ఒంటిని చల్లబరచకపోగా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. పడమటి గోడ ఎండకు నిలువునా నిలబడి ఉన్న ఇళ్ళలో, గాలి అటూ ఇటూ పారే కిటికీలు లేని ఇళ్ళలో పరిస్థితి మరింత దారుణం. బయట గాలి 29 డిగ్రీలకు దిగిన అర్ధరాత్రి కూడా దోమలకో దొంగలకో భయపడి కిటికీలు మూసుకున్న గది 33, 34 డిగ్రీల వద్దే ఆగిపోతుంది. విజయవాడలో దీనికి కొండలు తోడు. వన్‌టౌన్, చిట్టినగర్, మొగల్రాజపురం, గుణదల ప్రాంతాల్లో కొండవాలున మెట్టుకొక ఇల్లుగా కట్టుకున్న కుటుంబాలకు పైన స్లాబు, వెనుక రాతి కొండ. పగలంతా కాగిన ఆ రాయి కూడా రాత్రే తన వేడిని వదులుతుంది.

రేకుల ఇళ్ళ స్వభావం ఇందుకు భిన్నం. రేకుకు బరువు తక్కువ కాబట్టి ఎండ తగిలిన నిమిషాల్లో కాగి, పొద్దుగూకిన గంటకే చల్లబడుతుంది. అక్కడ ప్రమాదం మధ్యాహ్నం ఇంట్లో ఉండిపోయేవారికి: పసిపిల్లలకు, బాలింతలకు, మంచం పట్టిన ముసలివారికి, ఇంటి దగ్గరే కుట్టుపని చేసుకునే ఆడవారికి. స్లాబు ఇంటి బాధ రాత్రిది, రేకుల ఇంటి బాధ పగటిది. ఈ తేడా తెలియకుండా అందరికీ ఒకే సలహా ఇస్తే, మధ్యాహ్నం ఇంట్లోనే ఉండండి అన్న మాట రేకుల కింద ఉన్నవారికి హాని చేయవచ్చు. వారికి ఆ వేళ చెట్టు నీడో, గుడి మండపమో, బడి వరండానో ఇంటికంటే క్షేమం.

ఒంటికి రాత్రి విరామం ఎందుకు ముఖ్యమంటే, పగటి వేడిలో గుండె మామూలు కంటే ఎక్కువ పని చేస్తుంది. వేడిని బయటికి పంపడానికి చర్మంలోకి ఎక్కువ రక్తం పారాలి. చెమటతో రక్తంలోని నీరు తగ్గుతుంటే మిగిలిన రక్తాన్నే గుండె మరింత వేగంగా తిప్పాలి. రాత్రి చల్లబడితే ఈ భారం దిగుతుంది, మూత్రపిండాలు తేరుకుంటాయి, నిద్ర పడుతుంది. నాలుగైదు రాత్రులు వరుసగా ఆ విరామం దొరకకపోతే అయిదో రోజు మామూలు ఎండే ప్రాణం మీదికి తెస్తుంది. రక్తపోటుకు మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారికి, మానసిక వ్యాధులకు కొన్ని రకాల మందులు వాడేవారికి ముప్పు ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆ మందులు ఒంట్లోని నీటినో, చెమట పట్టే శక్తినో తగ్గిస్తాయి. ఇలాంటివారు మందులు సొంతంగా మానకుండా, వేసవికి ముందే వైద్యుడితో మోతాదు గురించి మాట్లాడుకోవాలి.

మరణాల లెక్కలో రాత్రి వేడి ఎందుకు కనిపించదో ఇక్కడే అర్థమవుతుంది. ఎండలో పనిచేస్తూ పడిపోయిన కూలీ మరణాన్ని తహసీల్దారు, పోలీసు అధికారి, వైద్యాధికారి కలిసి విచారించి వడదెబ్బ అని నిర్ధారించగలరు. పై అంతస్తు గదిలో నిద్రలోనే గుండె ఆగిన 70 ఏళ్ళ మనిషి మరణం గుండెపోటుగానే నమోదవుతుంది. ఆ గదిలో ఆ రాత్రి ఎన్ని డిగ్రీలు ఉందని అడిగేవారు ఉండరు. అహ్మదాబాద్‌లో 2010 మే నెల వడగాలుల తరువాత పరిశోధకులు వడదెబ్బ కేసులను పక్కనబెట్టి, 2009, 2011 సంవత్సరాల మే నెలలతో పోల్చితే మొత్తం మరణాలు ఎన్ని పెరిగాయో చూశారు. 1,344 మరణాలు అదనంగా తేలాయి. ఆ విషాదమే 2013లో ఆ నగరం దేశంలో నగర స్థాయిలో మొదటి వేడి కార్యాచరణ ప్రణాళికను తయారు చేసుకోవడానికి ప్రేరణ అయింది. విజయవాడ, గుంటూరు నగరపాలక సంస్థల దగ్గర జనన మరణాల రిజిస్టర్లు ఉన్నాయి. వాటిని రోజువారీ కనిష్ఠ ఉష్ణోగ్రతలతో కలిపి చూడడానికి కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు.

ఒకప్పుడు ఇళ్ళు ఈ వాతావరణాన్ని ఎరిగే కట్టారు. పెంకుటింట్లో పెంకుల సందుల్లోంచి వేడి గాలి పైకి పోయేది; మండువా లోగిలిలో నడుమ ఉన్న ఆకాశం రాత్రి ఇంటిని చల్లబరిచేది; తాటాకు కప్పు ఎండను గదిలోకి రానిచ్చేది కాదు. డాబా ఇళ్ళు వచ్చిన తరువాత కూడా చాలాకాలం జనం సాయంత్రం డాబా మీద నీళ్ళు చల్లి, నులక మంచాలూ నవారు మంచాలూ వేసుకుని ఆరుబయట పడుకునేవారు. ఆ అలవాటు వెనుక గట్టి భౌతికశాస్త్రం ఉంది. పదిహేను లీటర్ల నీరు, అంటే ఒక బిందెడు, స్లాబు మీద పూర్తిగా ఆవిరైతే సుమారు 10 యూనిట్ల వేడిని తీసుకుపోతుంది. పైన లెక్కగట్టిన గది కప్పులో నిలిచిన వేడి దాదాపు అంతే. చల్లిన నీరంతా ఆవిరి కాదు, కొంత కారిపోతుంది, కొంత పగుళ్ళలో ఇంకి చెమ్మ తెస్తుంది. ట్యాంకర్ల కోసం ఎదురుచూసే కాలనీల్లో ఈ సలహా ఇవ్వడం భావ్యమూ కాదు. అపార్టుమెంట్లు వచ్చాక డాబా అందరిదీ అయి, చివరికి ఎవరిదీ కాకుండా తాళంలో ఉండిపోయింది. రోహిణీ కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయని చెప్పుకున్న తాతల కాలంలో మనిషి కనీసం రాత్రి ఆకాశం కింద పడుకున్నాడు. ఇప్పుడు ఆ రోళ్ళలాంటి రాతి కప్పు కిందే పడుకోవలసి వస్తోంది.

చేతిలో డబ్బు ఉన్నవారి జవాబు ఏసీ. అది ప్రాణాలు కాపాడే యంత్రమన్న సంగతిని పర్యావరణం పేరుతో తోసిపుచ్చడం సరికాదు. తీవ్రమైన వేడిలో గుండె జబ్బు ఉన్న వృద్ధురాలికి అది విలాసం కానే కాదు. అయితే దాని లెక్క కూడా తెలుసుకోవాలి. ఒకటిన్నర టన్ను ఏసీ పూర్తి సామర్థ్యంతో నడిచేటప్పుడు గదిలోంచి సుమారు 5.3 కిలోవాట్ల వేడిని లాగి, తాను తీసుకున్న కిలోవాటున్నర విద్యుత్తునూ కలిపి, దాదాపు 6.8 కిలోవాట్ల వేడిని బయటి సందులోకి ఊదుతుంది. బందరు రోడ్డు లాంటి వెడల్పైన దారిలో అది గాలిలో కలిసిపోతుంది. గవర్నరుపేట, కొత్తపేట సందుల్లో మాత్రం ఎదురింటి కిటికీలోకే పోతుంది. ఏసీ లేని కుటుంబం ఏసీ ఉన్న కుటుంబం వేడిని కూడా భరిస్తుందన్న మాట. 2020 జనవరి నుంచి దేశంలో అమ్మే స్టార్ రేటింగ్ ఏసీలన్నీ 24 డిగ్రీల వద్ద మొదలయ్యేలా ఇంధన సామర్థ్య సంస్థ నిబంధన తెచ్చింది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు మిగులుతుందని ఆ సంస్థ లెక్క. 26 డిగ్రీలకు పెట్టి పంకా కూడా వేసుకుంటే 22 డిగ్రీల సుఖమే దొరుకుతుంది. కానీ ఏసీ అంత కష్టపడుతున్నది చాలావరకు స్లాబులోంచి దిగుతున్న వేడితోనే. పై అంతస్తు గదిలో ఏసీ రాత్రంతా చేసే పనిలో పెద్ద భాగం పగలు కప్పు తాగిన ఎండను తిరిగి బయట పారేయడమే.

ఆ విద్యుత్తు ఎక్కడ తయారవుతోందో విజయవాడవారికి వేరే చెప్పనక్కరలేదు. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం పొగ గొట్టాలు చాలా దూరానికే కనిపిస్తాయి. 1979లో 210 మెగావాట్ల మొదటి యూనిట్‌తో మొదలైన ఈ కేంద్రం, అలాంటి యూనిట్లు ఆరు, 2009లో 500 మెగావాట్లు, 2023లో 800 మెగావాట్లు చేర్చుకుని 2,560 మెగావాట్లకు ఎదిగింది. మన దేశపు బొగ్గుతో ఒక యూనిట్ విద్యుత్తు తీయాలంటే దాదాపు 700 గ్రాములు మండించాలి. ఏసీ ఒక రాత్రికి 8 యూనిట్లు తాగితే, అదంతా బొగ్గు విద్యుత్తే అయిన పక్షంలో, అయిదున్నర కిలోల బొగ్గు కాలి రెండు కిలోల దాకా బూడిద మిగులుతుంది, ఎందుకంటే ఈ బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిదే. కేంద్రంలో పుట్టిన వేడిలో మూడో వంతు మాత్రమే విద్యుత్తు అవుతుంది. మిగిలిన దాంట్లో అధిక భాగం కృష్ణ నుంచి తీసుకున్న నీటిలోకి, గాలిలోకి పోతుంది. బూడిదను నూటికి నూరు శాతం ఇటుకలకు, సిమెంటుకు, రోడ్లకు వాడాలని 2021 డిసెంబరు 31 నాటి కేంద్ర నోటిఫికేషన్ ఆదేశిస్తోంది. ఎండాకాలం పడమటి గాలికి బూడిద చెరువులోంచి లేచే దుమ్ము మాత్రం చుట్టుపక్కల ఊళ్ళ నిత్య సమస్యగానే ఉంది. గాలి నాణ్యత ప్రమాణాలను అందుకోలేని నగరాలుగా జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం గుర్తించిన జాబితాలో విజయవాడా ఉంది, గుంటూరూ ఉంది.

సౌర విద్యుత్తు వచ్చేసింది కదా అనేవారికి గడియారం చూపించాలి. 2024 మే 30న దేశ విద్యుత్ గిరాకీ దాదాపు 250 గిగావాట్లకు చేరి రికార్డు సృష్టించింది; అది పగటి గిరాకీ, దాన్ని మోయడంలో సౌర ఫలకాలు పెద్ద చేయి వేశాయి. సాయంత్రం ఆరు తరువాత ఆ చేయి తప్పుకుంటుంది. సరిగ్గా అప్పుడే స్లాబుల వేడి గదుల్లోకి దిగి, పనుల నుంచి వచ్చిన జనం ఏసీలు వేస్తారు. రాత్రి ఏడు నుంచి రెండు దాకా ఆ భారం ప్రధానంగా బొగ్గు మీద పడుతుంది. పగటి సౌర విద్యుత్తును బ్యాటరీల్లోనో, నీటిని పైకి తోడి ఉంచే ఎత్తిపోతల జలాశయాల్లోనో దాచి రాత్రికి వాడే ఏర్పాట్లు పెరుగుతున్నాయి, పెరగాలి కూడా. కానీ దాచవలసిన విద్యుత్తు ఎంత అన్నది, పగలు కప్పులు ఎంత వేడిని దాచుకున్నాయన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఈ రెండు ప్రశ్నలనూ ఇంధన శాఖ ఒకవైపు, పురపాలక శాఖ ఒకవైపు విడివిడిగా చూడడమే ఇప్పటి పెద్ద లోటు.

కప్పు మీద పడిన ఎండను అక్కడే తిప్పికొట్టడం అన్నిటికంటే చౌకైన పని. కొత్తగా వేసిన తెల్ల పూత ఎండలో ముప్పావు వంతుకు పైగా తిప్పికొడుతుంది. పైన చెప్పిన గది కప్పు మిట్టమధ్యాహ్నం తాగే వేడి అప్పుడు 8 కిలోవాట్ల నుంచి మూడు లోపుకు పడిపోతుంది. లోపల గాలి ఇంటి తీరును బట్టి 2 నుంచి 4 డిగ్రీలు తగ్గుతుంది. దీనికి ఖరీదైన రంగులే అక్కర్లేదు. గుల్ల సున్నంలో కాస్త జిగురు కలిపి, కప్పును శుభ్రంగా ఊడ్చి కడిగి, రెండు పూతలు వేస్తే ఆ వేసవికి సరిపోతుంది. ఏటా మళ్ళీ వేయవలసి రావడం, దుమ్ము పడేకొద్దీ తెలుపు మాసి ప్రభావం తగ్గడం దీని పరిమితులు. ఎక్కువకాలం నిలవాలనుకునేవారు తెల్లటి పింగాణీ పెంకులు పరిపించుకుంటున్నారు. సొంత ఇల్లు ఉన్నవారు సౌర ఫలకాలు పెట్టించుకుంటే విద్యుత్తుతోపాటు కప్పుకు నీడ కూడా దొరుకుతుంది. పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు గరిష్ఠంగా రూ. 78,000 రాయితీ ఉంది. ఇవన్నీ మేలు చేసేది పై అంతస్తుకే. నాలుగంతస్తుల భవనంలో రెండో అంతస్తు పడమటి గోడకు కావలసింది కిటికీ పైన వెడల్పైన సన్‌షేడ్, వెదురు తడక, వీలైతే చెట్టు.

తెలంగాణ 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకూ, 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే నివాస భవనాలకూ దాన్ని తప్పనిసరి చేసింది. దేశంలో ముందడుగు వేసిన విధానమే అది. అయితే ఆరు వందల గజాల కంటే చిన్న ఇళ్ళకు ఐచ్ఛికంగా వదిలేయడంతో, వేడికి ఎక్కువగా నలిగేవారు దాని పరిధిలోకి రాకుండా పోయారు. ఆంధ్రప్రదేశ్ అలాంటి విధానం చేసుకునేటప్పుడు ఈ క్రమాన్ని తిరగేయడం మంచిది: చిన్న ఇళ్ళకు నగరపాలక సంస్థే తన ఖర్చుతో సున్నం వేయించాలి, పెద్ద భవనాలను నిబంధనతో కట్టడి చేయాలి. నివాస భవనాల కోసం కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత కప్పు గుండా పారే వేడికి చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు 1.2 వాట్ల హద్దు పెట్టింది. ఏ పొరా లేని మామూలు కాంక్రీటు స్లాబు గుండా దానికి దాదాపు మూడు రెట్లు పారుతుంది. జక్కంపూడి లాంటి చోట్ల టిడ్కో ఇళ్ళను షియర్ వాల్ పద్ధతిలో కట్టారు. వాటిలో కప్పుతోపాటు గోడలు కూడా కాంక్రీటే. కట్టడం వేగంగా పూర్తవుతుంది, గట్టిగానూ ఉంటాయి, కానీ ఎండను దాచుకునే రాశి రెట్టింపవుతుంది. 300 చదరపు అడుగుల ఇంట్లో నలుగురు నిద్రపోవాలంటే ఆ గోడలకు బయటి వైపు తెల్ల పూత, పై అంతస్తు కప్పులకు వేడి నిరోధక పొర మొదటి అంచనాల్లోనే ఉండవలసింది.

పగలు ఎండలో పనిచేసి రాత్రి అలాంటి ఇంటికి చేరేవారి పరిస్థితి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. గుంటూరు మిర్చి యార్డు ఫిబ్రవరి నుంచి మే దాకా ఊపిరి సలపకుండా ఉంటుంది. నలభై కిలోల పైచిలుకు మిర్చి బస్తాలను (టిక్కీలను) వీపు మీద మోసే హమాలీ ఒంటి నుంచి గంటకు లీటరు చెమట పోవడం అసాధారణం కాదు; ఘాటుకు ముక్కుకీ మూతికీ గుడ్డ కట్టుకుని ముచ్చికలు తీసే ఆడవారికి ఆ గుడ్డే ఊపిరి మీద భారం. మూత్రానికి వెళ్ళే సదుపాయం సరిగా ఉండదని నీళ్ళు తాగడం తగ్గించుకునే మహిళలు ప్రతి పనిచోటా ఉన్నారు, వారి మూత్రపిండాలకు అదే శత్రువు. ఆటోనగర్ షెడ్లలో వెల్డింగు చేసేవారికి రేకు పైన, మంట ఎదుట. యార్డుకు మే నెలలో ఇచ్చే వేసవి సెలవులు ఎంతో కొంత ఊరట. ఉత్త నీళ్ళ కంటే ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, గంజి, లేదా లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపిన ద్రావణం వీరికి ఎక్కువ మేలు చేస్తాయి. మాట తడబడినా, మనిషిని గుర్తుపట్టకపోయినా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బ. అప్పుడు నోట్లో నీళ్ళు పోయకుండా, బట్టలు వదులుచేసి, ఒళ్ళంతా తడిపి విసురుతూ 108కి ఫోన్ చేయాలి.

అద్దె ఇళ్ళ చిక్కు వేరే ఉంది. సున్నం ఖర్చు యజమానిది, చలువ అద్దెదారుడిది, కరెంటు బిల్లూ అద్దెదారుడిదే. పై అంతస్తుకు అద్దె తక్కువ అంటే ఆ వేడికి ఇప్పటికే ఒక ధర కట్టినట్టే. యజమాని తనంతట తాను ఖర్చు పెట్టడానికి కారణం కనిపించదు కాబట్టి, కప్పుకు పూత వేయించినవారికి ఆస్తి పన్నులో చిన్న మినహాయింపు ఇవ్వడం, విద్యుత్ పంపిణీ సంస్థ తన డిమాండ్ తగ్గింపు ఖర్చుల కింద కొంత భరించడం ఆలోచించదగిన మార్గాలు. రాత్రి గిరాకీ తగ్గితే గరిష్ఠ సమయంలో అధిక ధరకు విద్యుత్తు కొనే అవసరం పంపిణీ సంస్థకు తగ్గుతుంది కాబట్టి ఇది దానం కిందికి రాదు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియాలంటే లోపలి ఉష్ణోగ్రత కొలవాలి. వాతావరణ కేంద్రం ఉష్ణమాపకం ఖాళీ మైదానంలో, గాలి ఆడే తెల్ల పెట్టెలో, నేలకు మనిషి ఛాతీ ఎత్తున ఉంటుంది. అది చెప్పేది గాలి సంగతి, గది సంగతి కాదు. రెండు వందల రూపాయలకు, మూడు వందలకు దొరికే ఉష్ణోగ్రత, తేమ కొలిచే చిన్న పరికరాన్ని ఒక్కో వార్డులో కొన్ని ఇళ్ళలో పెట్టి, రాత్రి పదింటికీ తెల్లవారుజామున అయిదింటికీ అంకెలు రాయించే పని సచివాలయ సిబ్బందికీ ఆశా కార్యకర్తలకూ పెద్ద భారం కాదు. ఒక్క మే నెల అలా రాస్తే ఏ సందులో, ఏ రకం కప్పు కింద రాత్రి 33 డిగ్రీలకు దిగడం లేదో తేలిపోతుంది. సున్నం వేసే పనికి సమయం కూడా ముఖ్యం. సంక్రాంతికి ముందు గోడలకు వెల్ల వేయడం ఇక్కడి ఆనవాయితీ. కప్పులకూ అదే అదను, ఎందుకంటే అప్పటికి వానలు వెనకబడతాయి, ఎండలు ముదరవు, పూత ఆరి పట్టుకోవడానికి వ్యవధి ఉంటుంది. మార్చి దాటాక మంజూరై, ఏప్రిల్‌లో టెండరై, జూన్‌లో కప్పు ఎక్కిన సున్నం తొలకరికి కొట్టుకుపోతుంది. అందువల్ల నగరపాలక సంస్థలు దీనికి నవంబరులోనే వార్డుల వారీగా ఇళ్ళను గుర్తించి, డిసెంబరు నాటికి నిధులు చేతిలో ఉంచుకోవలసి ఉంటుంది.